నింపాదిగా నది దిగిన రోజు: సంఘంతో కయాకింగ్, నా అనుభవం

కయాక్‌లనే సన్నని చిన్న పడవలలో నది మీద ఒక పగలంతా గడుపుదామని మా చర్చి సంఘంలోని యూత్ ప్రతిపాదించినప్పుడు, కమిటీ పెద్దలు అడిగిన మొదటి ప్రశ్న ఈత రానివాళ్ల మాటేమిటన్నది. అరవై దాటినవాళ్లు కూడా రావచ్చునా అన్నది రెండవది. నాకు ఈ విద్యలో కొంత అనుభవం ఉన్నందువల్ల ఆ ప్రశ్నలకు జవాబు చెప్పే పని, దాని వెనుకే ఏర్పాట్లన్నీ చూసే పని నా మీద పడ్డాయి. కాలేజీ పిల్లల నుంచి డెబ్బైకి దగ్గరపడిన పెద్దమ్మ వరకు ఇరవై రెండు మంది పేర్లిచ్చారు. ఆదివారం ఆరాధన ఉంటుంది కనుక శనివారం ఖాయమైంది. ప్రకటనలో ‘నింపాదిగా సాగే నదీ ప్రయాణం’ అని రాయించాము. రాయడం తేలికే గాని, ఇరవై రెండు మందిని నీళ్ల మీదికి దించి నింపాదిగా ఉండమంటే ఉండరు. ఆ నింపాదితనాన్ని ముందే కూర్చుని ఏర్పరచవలసి ఉంటుంది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది, నదిలో ఏ భాగంలో దిగాలన్నది. పారే నీటి కష్టాన్ని బట్టి నదీ భాగాలను అంతర్జాతీయంగా 1 నుంచి 6 వరకు తరగతులుగా విభజించారు. 1వ తరగతిలో నీరు కదులుతూ, చిన్న చిన్న అలలతో ఉంటుంది. అడ్డంకులు తక్కువగా, దూరం నుంచే కనబడేటట్లు ఉంటాయి. పడవలోంచి పడినవారు పెద్దగా సాయం లేకుండానే ఒడ్డు చేరగలరు. 6వ తరగతి నిపుణులకు కూడా ప్రాణాంతకం. తొలిసారి తెడ్డు పట్టేవారున్న గుంపుకు 1వ తరగతి దాటిన నీరు వద్దన్నది నా గట్టి అభిప్రాయం. ‘రెండవ తరగతైతే కాస్త హుషారుగా ఉంటుంది కదా అన్నా’ అని యూత్ లీడర్ రెండు మూడుసార్లు అడిగినా నేను ఒప్పుకోలేదు. పైగా ఈ తరగతి శాశ్వతమైనది కాదు, నీటిమట్టాన్ని బట్టి మారుతుంది. ప్రవాహ వేగం రెండింతలైతే అది పడవను తోసే బలం నాలుగింతలవుతుంది కాబట్టి, నిన్న మోకాలి లోతులో నిలబడిన చోటనే రేపు నిలబడలేకపోవచ్చు. ఎగువన జలాశయం ఉంటే అక్కడ వాన లేకపోయినా నీరు వదిలే రోజులుంటాయి. ఈ వివరాలను పడవలు అద్దెకిచ్చే అతని దగ్గర వారం ముందు ఒకసారి, బయలుదేరే ముందు రాత్రి మరొకసారి అడిగి తెలుసుకున్నాను.

మేము చూసిన భాగానికి దిగువన నదికి అడ్డంగా, మనిషి నడుమెత్తున కట్టిన చిన్న ఆనకట్ట ఒకటి ఉంది. పడవలో కూర్చుని ఎగువ నుంచి చూసేవారికి అక్కడ నీటి మీద ఒక తిన్నని గీత తప్ప ఏమీ కనబడదు, చప్పుడు కూడా ఆలస్యంగా వినబడుతుంది. కట్ట మీదుగా దూకిన నీరు అడుగుకు పోయి పైకి లేచి మళ్లీ కట్ట వైపే తిరగబడుతుంది. అందులో చిక్కినవారిని, లైఫ్ జాకెట్ వేసుకున్నా, అది తిప్పుతూనే ఉంటుంది. పెద్ద జలపాతాన్ని చూసి భయపడేవారు ఇలాంటి పొట్టి కట్టను లెక్కచేయరు, ప్రమాదమంతా అక్కడే ఉంది. అందుచేత ఆ కట్టకు కిలోమీటరున్నర ఎగువనున్న రేవులోనే ప్రయాణం ముగించాలని నిర్ణయించి, ముందు రోజు ఆ రేవు దగ్గర చెట్టుకు ఎర్రటి గుడ్డ ఒకటి కట్టించాను. ఎక్కే రేవు నుంచి దిగే రేవుకు దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. నీటి ఊతంతో గంటకు మూడు కిలోమీటర్ల చొప్పున లెక్కవేసి, మధ్యలో ఆగే సమయం కలుపుకుంటే అయిదు గంటలు తేలింది. అలవాటైనవారికి ఇది రెండు గంటల పని.

పడవల ఎంపికలో నాకు సందేహం లేదు. కయాక్ ఆర్కిటిక్ తీరాల ఇన్యూట్, అల్యూట్ ప్రజలు సీల్ తోళ్లను చట్రం మీద బిగించి కుట్టుకున్న వేట పడవ. అందులో నడుము వరకు లోపలికి దూరి కూర్చుంటారు. మంచులాంటి సముద్రపు నీరు ఒంటికి తగలకుండా ఉండాలంటే అదే మార్గం. ఆ పద్ధతి పడవలు ఇప్పుడూ ఉన్నాయి గాని, బోల్తాపడినప్పుడు లోపలి నుంచి బయటపడడం నేర్చుకుని ఉండాలి, నీటితో నిండిన పడవను ఒడ్డుకు లాగి వంచి ఖాళీ చేయాలి. మాలాంటివారికి పైన కూర్చునే రకం మేలు. గుల్లగా పోతపోసిన ప్లాస్టిక్ పడవ, పైన కూర్చోవడానికి పల్లం, ఆ పల్లంలో చేరిన నీరు కిందికి జారిపోవడానికి రంధ్రాలు ఉంటాయి. తిరగబడితే కూర్చున్నవారు నీళ్లలోకి జారతారు, అంతే, ఇరుక్కునే చోటు లేదు. ఆ రంధ్రాలను చూసి మా కోశాధికారి అన్న ‘ఇది చిల్లుపడిన పడవ, వేరేది ఇవ్వండి’ అని అద్దెకిచ్చే అతనితో గట్టిగానే వాదించాడు. ఒక్కరు కూర్చునేవి పది, ఇద్దరు కూర్చునేవి ఆరు తీసుకున్నాము.

ఈత రానివాళ్ల ప్రశ్నకు జవాబు లైఫ్ జాకెట్టే, కానీ సరిగ్గా బిగించిన జాకెట్. నీటిలో మనిషి శరీరం బరువు చాలా వరకు దానంతట అదే తేలుతుంది. తల పైన నిలవడానికి పెద్దవారికి అదనంగా కావలసిన ఊతం మూడు నుంచి అయిదు కిలోల వరకు ఉంటుంది. మామూలు జాకెట్ ఏడు కిలోల దాకా ఇస్తుంది. అయితే అది వదులుగా ఉంటే మనిషి కిందనే ఉండి జాకెట్ ఒక్కటే చెవుల దాకా లేస్తుంది. అందుకని ఒక్కొక్కరికీ పక్కల పట్టీలు నేనే బిగించి, భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని పైకి లాగి చూశాను. గడ్డం దాటి పైకి వస్తే మళ్లీ బిగించాలి. ‘ఊపిరాడటం లేదు బాబూ’ అన్న పెద్దమ్మకు మాత్రం ఒక పట్టీ ఒక వేలు వదులు చేశాను. ఎండకు చిరాకుగా ఉన్నా దిగే రేవు దాకా జాకెట్ విప్పకూడదన్న నియమానికి పాస్టరు గారితో సహా అందరి చేతా మాట తీసుకున్నాము.

వారం ముందు, నిలకడ నీరున్న చెరువులో ఒక సాయంత్రం అభ్యాసం పెట్టాము. ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికంటే అక్కరకు వచ్చింది ఆ సాయంత్రమే. కయాక్ తెడ్డుకు రెండు వైపులా రెక్కలుంటాయి, వాటి లోపలి వంపు మన వైపు ఉండేటట్లు పట్టుకోవాలి. తెడ్డును తల మీద అడ్డంగా పెట్టుకుని మోచేతులు లంబంగా మడిచినప్పుడు చేతులు ఎక్కడుంటే అక్కడే పట్టు. కొత్తవాళ్లు చేతుల బలంతో లాగుతారు, అరగంటలో భుజాలు పట్టేస్తాయి. రెక్కను పాదాల దగ్గర నీటిలో ముంచి, నడుము పైభాగాన్ని తిప్పుతూ తుంటి దాకా తెచ్చి తీసేయాలి. వెనక్కి ఇంకా లాగితే పడవ ముందుకు పోవడం మాని పక్కకు తిరుగుతుంది. మలుపు కావాలంటే అదే తెడ్డును దూరంగా అర్ధచంద్రంలా తిప్పాలి. కుడి వైపు తిప్పితే ముక్కు ఎడమకు పోతుంది. ఇంతే విద్య. ఇది నోటితో చెప్పినప్పుడు అందరికీ అర్థమైంది, నీటి మీద మొదటి పావుగంట ఎవరికీ అర్థం కాలేదు.

ఇద్దరు కూర్చునే పడవల సంగతి వేరు. ముందున్నవారు లయ ఇవ్వాలి, వెనుకనున్నవారు ఆ లయకు తమ తెడ్డు కలుపుతూ దిశ చూసుకోవాలి. వెనుకవారికి ముందువారు కనబడతారు గాని ముందువారికి వెనుకవారు కనబడరు కనుక ఈ ఏర్పాటు మారదు. భార్యాభర్తలను ఒకే పడవలో కూర్చోబెట్టడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. అభ్యాసంలోనే ఒక జంట, ఎవరు ఎటు తిప్పుతున్నారన్న విషయమై గట్టు దాకా వినబడేలా చర్చించుకోవడంతో నా మాట చెల్లింది. పెద్దమ్మను యూత్‌లో బలమైన పిల్లతో, పాస్టరు గారిని కోశాధికారి అన్నతో, అమ్మగారిని, అంటే పాస్టరు గారి భార్యను, సంఘంలోని ఒక సిస్టర్‌తో జతపరిచాము.

నీటిలోంచి తిరిగి పడవ ఎక్కడం కూడా అక్కడే చేయించాను. నిటారుగా వేలాడుతూ ఎక్కబోతే పడవ మీదికి తిరగబడుతుంది. కాళ్లను వెనక్కి చాచి తన్నుతూ, పడవకు అడ్డంగా బొజ్జ మీద పడి, వెల్లకిలా తిరిగి, కూర్చున్నాక కాళ్లు లోపలికి తెచ్చుకోవాలి. అమ్మగారు రెండవసారికే ఎక్కగలిగారు. వ్యాయామశాలకు పోయే కుర్రాళ్లు ఇద్దరు ఎక్కలేక చాలాసేపు అవస్థపడ్డారు. ఆ రోజు రానివారికి నదిలో పడవ లేదని ముందే చెప్పి ఉండడంతో ఇద్దరు తప్పుకున్నారు, వారి చోట్లలో వేరే ఇద్దరు చేరారు.

శనివారం ఉదయం వాహనాల లెక్కతో మొదలైంది. నది ఒకే దిక్కుకు పారుతుంది కనుక బండ్లు దిగే రేవు దగ్గర ఉండాలి, మనుషులు ఎక్కే రేవు దగ్గర ఉండాలి. అందరినీ, సామానునూ ఎగువన దింపి, డ్రైవర్లు మాత్రం బండ్లన్నీ దిగువన పెట్టి ఒక్క బండిలో తిరిగి రావాలి. దీనికి గంట పడుతుంది. ఆ గంటలో మిగిలినవారు ఊరికే ఉంటే ఎవరో ఒకరు పడవను నీళ్లలోకి తోసేస్తారు. అందుకని ఆ సమయాన్ని జాగ్రత్తలు చెప్పడానికి, ప్రార్థనకు ఉంచాము. పాస్టరు గారు ప్రార్థన చిన్నదిగానే చేస్తానని ముందే మాటిచ్చారు, నిలబెట్టుకున్నారు కూడా.

జాగ్రత్తల్లో నేను పదేపదే చెప్పినవి కొన్నే. పడిపోతే వెల్లకిలా తేలుతూ పాదాలు దిగువ వైపు, నీటి పైకి పెట్టుకోవాలి. మోకాలి కంటే లోతైన పారే నీటిలో నిలబడే ప్రయత్నం చేయకూడదు, ఎందుకంటే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసి ముంచుతుంది. తిరగబడిన పడవకు ఎగువ వైపునే ఉండాలి, లేకపోతే నీటితో బరువెక్కిన పడవకూ బండకూ మధ్య నలుగుతాము. పడవ బండకు అడ్డంగా తగిలితే భయంతో బండ నుంచి దూరంగా వాలతారు, అప్పుడే ఎగువ అంచు మునిగి పడవ తిరగబడుతుంది. బండ వైపే వాలాలి. ఒక విజిల్ ఊదితే ఇటు చూడమని, మూడు ఊదితే ఆపద అని. తెడ్డు నిటారుగా ఎత్తితే రావచ్చు, అడ్డంగా ఎత్తితే ఆగాలి.

తరువాత వరుస చెప్పాను. యూత్ లీడర్ పడవను ఎవరూ దాటిపోకూడదు, నా పడవ కంటే ఎవరూ వెనుకబడకూడదు. గుంపులో ఎక్కువ అనుభవమున్నవాడు ముందుండాలని అందరూ అనుకుంటారు. నింపాది ప్రయాణంలో అతడు చివరనే ఉండాలన్నది నా అభిప్రాయం. ముందుపడవ దారి చూపిస్తే చాలు. ఎవరు అలసిపోయారో, ఎవరి తెడ్డు తిరగేసి ఉందో, ఎవరు మాట్లాడడం మానేశారో వెనుక నుంచే తెలుస్తుంది. విసిరే తాడు, మందుల సంచి, అదనపు తెడ్డు నా పడవలోనే ఉన్నాయి.

మొదటి కిలోమీటరు అందరూ నదికి ఆ గట్టు నుంచి ఈ గట్టుకు వంకరటింకరగా ప్రయాణించారు. చెరువులో నేర్చినది పారే నీటిలో కుదరడానికి కాస్త సమయం కావాలి. నీటిని చదవడం ఆ సమయంలోనే నేర్పించాను. నీటి పైన అలలు కోసుగా దిగువ వైపు చూపిస్తూ కలిస్తే, ఆ నడిమి నున్నటి నాలుక లోతైన దారి. కోసు ఎగువ వైపు చూపిస్తే దాని మొన దగ్గర నీటి కిందనో పైననో రాయి ఉంది. వంపుల్లో బయటి వైపు నీరు వడిగా, లోతుగా ఉండి గట్టును కోస్తుంది, అక్కడే చెట్లు ఒరిగి ఉంటాయి. లోపలి వైపు నెమ్మదిగా, మెరకగా ఉండి గులకరాళ్లు మేట వేస్తాయి. కొత్తవాళ్లకు లోపలి వైపే మంచిది, మహా అయితే పడవ అడుగు రాళ్లకు ఒరుసుకుని ఆగుతుంది. అలా ఆగినప్పుడు తెడ్డుతో పొడవకుండా, కూర్చున్నచోటనే తుంటిని ఊపుతూ ముందుకు జరుపుకోవాలి. పాస్టరు గారు, కోశాధికారి అన్న ఒకే మెరక మీద ఇద్దరూ చెరో దిక్కుకు ఊపుకుంటూ చాలాసేపు కదలకుండా ఉండిపోయారు.

ఆ రోజు జరిగిన ఒకే ఒక బోల్తా మూడవ కిలోమీటరులో, వారి పడవే. బయటి వంపు దగ్గర నీటి మీదికి తలెత్తున వంగి ఒక కొమ్మ ఉంది. ప్రవాహం పడవను మెల్లగా అటు తీసుకుపోతుంటే, ముందు కూర్చున్న కోశాధికారి అన్న తెడ్డు వదిలేసి రెండు చేతులతో కొమ్మను పట్టుకున్నాడు. ఎవరైనా సహజంగా చేసే పనే అది. కానీ చేతులు కొమ్మ దగ్గర ఆగాయి, పడవ నీటితో పాటు ముందుకు పోయింది, నడుము పక్కకు ఒరిగింది, మరుక్షణం ఇద్దరూ నీటిలో ఉన్నారు. కొమ్మ ఒక్కటే కావడం మేలైంది. నీటిలోకి దిగిన గుబురు కొమ్మలైతే నీరు వాటి సందుల్లోంచి పోతుంది, మనిషి పోలేడు. జల్లెడలో గింజలా నిలిచిపోతాడు. అందుకే కొమ్మ ఎదురైనప్పుడు దాన్ని పట్టుకోకుండా ముందుకు వంగి, తెడ్డును పడవ పొడవునా పెట్టుకుని కిందుగా పోవాలి, లేదా ముందే చూసి దూరంగా తిప్పుకోవాలి. నేను ఒక విజిల్ ఊదాను, ముందువాళ్లు లోపలి వంపులో ఆగారు. పాస్టరు గారు చెప్పినట్టే పాదాలు పైకి పెట్టి వెల్లకిలా తేలుతూ వచ్చారు, టోపీ కూడా చేతిలోనే ఉంది. అన్న మాత్రం కొమ్మను ఇంకా వదలలేదు. ‘వదిలెయ్యన్నా, ఏమీ కాదు’ అని నేను దగ్గరికి పోయి రెండుసార్లు చెప్పాక వదిలి, నా పడవ వెనుక పిడి పట్టుకుని మెరక చేరాడు. తెడ్డును పెద్దమ్మ పడవ పట్టింది.

మధ్యాహ్నం విశాలమైన గులకరాళ్ల మేట మీద ఆగాము. పడవలను నీటి అంచున వదిలేయకుండా పూర్తిగా పైకి లాగించాను, ఎగువ నుంచి నీరు పెరిగితే అవి మాకంటే ముందే దిగే రేవు చేరతాయి. తిన్నాక పాస్టరు గారు పదిహేను నిమిషాలు మాట్లాడారు. యూరప్ నదుల మీద ఒంటరి చిన్న పడవ ప్రయాణాన్ని జనంలోకి తెచ్చిన జాన్ మాక్‌గ్రెగర్ గురించి ఆయన చెప్పింది చాలామందికి కొత్త. స్కాట్లాండ్‌కు చెందిన ఈ న్యాయవాది 1865లో ‘రాబ్ రాయ్’ అనే పడవ చేయించుకున్నాడు. పదిహేను అడుగుల పొడవు, ఎనభై పౌండ్ల బరువు, ఓక్ చెక్కతో కట్టి పైన దేవదారు పలకలు పరిచినది, రెండు రెక్కల తెడ్డుతో నడిచేది. దానితో నదులూ సరస్సులూ తిరుగుతూ దారిలో కలిసినవారికి క్రైస్తవ కరపత్రాలు పంచాడు, బీద పిల్లల బడుల కోసం పనిచేశాడు. గలిలయ సముద్రం ఒడ్డున 1986లో కరువు వల్ల నీరు తగ్గినప్పుడు బురదలో బయటపడిన మొదటి శతాబ్దపు పడవ సంగతి కూడా ఆయనే ఎత్తారు. అది ఎనిమిది మీటర్లకు పైగా పొడవు, రెండు మీటర్లకు పైగా వెడల్పు ఉన్నది; యేసు శిష్యులందరూ ఒక్క పడవలో పట్టే కొలతే. ‘మనకు ఎవరి పడవ వారిదే కదండీ’ అని అమ్మగారు అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. ఒకే ఓడలో ఉన్నవారు కలిసి ఉండక తప్పదు, పదహారు పడవల్లో ఉన్నవారు మాత్రం వెనుకవారి కోసం ఆగితేనే కలిసి ఉంటారు.

భోజనం తరువాత నది వెడల్పయి ప్రవాహం దాదాపు ఆగిపోయింది, పైగా ఎదురుగాలి మొదలైంది. ఎదురుగాలిలో తెడ్డు ఆపితే పడవ వెనక్కి పోతుంది. కొత్తవారి ఓపికకు ఇదే అసలు పరీక్ష. గాలి మరుగున్న గట్టు వారగా అందరినీ నడిపించాము. అలసిన ఒక సిస్టర్ పడవను తాడు కట్టి నేను కొంత దూరం లాగాను. కుర్రాళ్లకు మాత్రం నెమ్మది నడక విసుగ్గా ఉంది; వారిని ఆపడం కంటే పని ఇవ్వడం తేలిక అనిపించి, వెనుకనున్న పెద్దల పడవల చుట్టూ ఒక్కో చుట్టు తిరిగి మళ్లీ ముందుకు పొమ్మన్నాను. వారు రెట్టింపు దూరం తెడ్డు వేశారు, గుంపు మాత్రం విడిపోలేదు.

గాలి తగ్గాక నడి నదిలో పడవలన్నీ పక్కపక్కన చేర్చి, ఎవరి తెడ్డును వారు పక్కవారి ఒడి మీదుగా అడ్డంగా పెట్టి పట్టుకున్నాము. అలా కట్టుగా ఉన్న పడవలు బోల్తాపడవు. పాటలు పాడుతూ అరగంట నీటి ఊపుకే వదిలేశాము. దూరంగా నీటిలో పడి ఉన్న మాను మీద ఎండ కాచుకుంటున్న తాబేళ్లు మా చప్పుడుకు వరుసగా ఒక్కొక్కటీ జారాయి; చివరిది మాత్రం మెడ చాచి చాలాసేపు మమ్మల్ని చూసింది. నేను దిగువ వైపు ముఖం పెట్టి కూర్చున్నాను, ఎర్ర గుడ్డ కనబడగానే విడిపొమ్మని చెప్పాలి కనుక.

దిగే రేవులో తొందర ఎక్కువ, కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. పడవను గట్టుకు సమాంతరంగా కాకుండా ముక్కుతో ఇసుకలోకి తోసి, ముందు కాళ్లు రెండు వైపులా దించి, తరువాతే లేవాలి. లీడర్, మరో ఇద్దరు నీళ్లలో నిలబడి ఒక్కో పడవనూ పట్టుకుని దింపారు. ముందుగా తలలు లెక్కపెట్టాము, తరువాత జాకెట్లు, తెడ్లు, పడవలు. రేవు మెట్లు ఎత్తుగా ఉండి, పాతిక కిలోలు దాటిన పడవలను పైకి మోయడానికి చివరి గంటంతా పోయింది. రేవును చూసి వచ్చేటప్పుడు నీటి వైపే గాక మెట్ల వైపు కూడా చూడాలని కమిటీకి ఇచ్చిన నివేదికలో రాశాను.

అదే నివేదికలో ఇంకొన్ని రాశాను. తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువ, ఏడు చాలు. ఎదురుగాలి సాధారణంగా మధ్యాహ్నం నుంచి పెరుగుతుంది కనుక ఒక గంట ముందే బయలుదేరాలి. ఒక్కరు కూర్చునే పడవల్లో రెండింటిని తగ్గించి, ఇద్దరివి ఒకటి పెంచాలి. చెరువు దగ్గర అభ్యాసాన్ని ఎవరి కోసమూ సడలించకూడదు. మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ పేర్లు తీసుకుంటే, మొదట ఇచ్చినది కోశాధికారి అన్న. ఈసారి వెనుక కూర్చుంటానన్నది ఆయన షరతు. పాస్టరు గారు ఆలోచించి చెబుతానన్నారు.